ఫొటో వెంట వచ్చే వివరాలు చేజారకుండా

డిజిటల్ కెమెరాలో బటన్ నొక్కిన ప్రతిసారీ రెండు పనులు జరుగుతాయి. సెన్సర్ మీద పడిన కాంతి బొమ్మగా నమోదవుతుంది. దాంతోపాటే ఆ బొమ్మను ఎప్పుడు తీసిందీ, ఏ కెమెరాతో, ఏ లెన్సుతో, ఎంత షట్టర్ వేగంతో, ఎంత ఐఎస్‌ఓతో తీసిందీ అదే ఫైలులో అక్షరాలుగా, అంకెలుగా చేరుతుంది. ఈ వివరాలనే మెటాడేటా అంటారు. సెన్సర్ నమోదు చేసినదాన్ని దిద్దకుండా కెమెరా ఇచ్చే రా ఫైలులో ఇవి పూర్తిగా ఉంటాయి. ఆ ఫైలును జేపెగ్‌గానో టిఫ్‌గానో మార్చి, రంగులు దిద్ది, అంచులు కత్తిరించి, నలుగురికీ పంపేలోగా వీటిలో చాలా భాగం రాలిపోతుంది. ఫొటో చూడడానికి బాగానే ఉంటుంది కాబట్టి ఆ రోజు ఎవరూ గమనించరు. కొన్నేళ్ల తర్వాత “ఇది ఏ సంవత్సరం తీసింది? ఇందులో పెద్దాయన పక్కన ఉన్నది ఎవరు?” అని ఇంట్లో ఎవరో అడిగినప్పుడు బయటపడుతుంది.

ఇలా పోకుండా చూసుకోవడం కష్టమైన పనా? కాదు. వివరాలు పోయే చోట్లు కొన్నే. అవి ఎక్కడెక్కడున్నాయో తెలిసి, సాఫ్ట్‌వేర్‌లో నాలుగైదు అమరికలు ఒకసారి సరిచేసుకుంటే తర్వాత ఆ పని దానంతట అదే సాగిపోతుంది.

కెమెరా రాసేది, మనిషి రాసేది

కెమెరా తనంతట తాను రాసే వివరాలకు ఎక్సిఫ్ అని పేరు. జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం 1995లో ఈ ప్రమాణాన్ని విడుదల చేసింది. తీసిన తేదీ, సమయం, ఎక్స్‌పోజర్, ఫోకల్ లెంగ్త్, ఫ్లాష్ వెలిగిందా లేదా, జీపీఎస్ ఉంటే అక్షాంశ రేఖాంశాలు అన్నీ ఇందులోవే. ఇందులోనే మేకర్‌నోట్ అనే భాగం ఒకటుంది. కెమెరా తయారుచేసిన కంపెనీ తన సొంత పద్ధతిలో అక్కడ ఫోకస్ పడిన చోటు, పిక్చర్ స్టైల్ వంటివి రాసుకుంటుంది.

మనిషి రాసేవి వేరు. శీర్షిక, ఫొటోలో ఉన్నవారి పేర్లు, ఊరు, సందర్భం, వెతకడానికి వీలుగా పెట్టే కీలకపదాలు, హక్కుదారు పేరు ఇందులోకి వస్తాయి. వార్తాసంస్థలు ఫొటోలు ఇచ్చిపుచ్చుకోవడానికి 1990ల తొలినాళ్లలో వచ్చిన ఐపీటీసీ పద్ధతిలో ఇవి మొదట స్థిరపడ్డాయి. ఆ తర్వాత అడోబీ సంస్థ 2001లో ఎక్స్‌ఎంపీ అనే మరింత విశాలమైన పద్ధతిని తెచ్చింది. అది 2012లో ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం అయింది. ఇప్పుడు ఐపీటీసీ వివరాలనూ ఎక్స్‌ఎంపీ రూపంలోనే ఎక్కువగా రాస్తున్నారు.

ఈ రెండు రకాల మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఈ అధ్యాయంలోని సూచనలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. కెమెరా రాసినవి జేపెగ్‌లో పోయినా రా ఫైలు భద్రంగా ఉన్నంతకాలం మళ్లీ తెచ్చుకోవచ్చు. మనిషి తర్వాత రాసినవి రా ఫైలులో ఉండవు. అవి పక్కన ఉండే చిన్న ఫైలులోనో, సాఫ్ట్‌వేర్ క్యాటలాగ్‌లోనో ఉంటాయి. ఆ ఫైలు పోతే, రాసినవారు మళ్లీ గుర్తు తెచ్చుకుని రాయడం తప్ప మార్గం లేదు. చాలామంది జాగ్రత్తంతా మొదటి రకం మీదే పెడతారు. నిజంగా కాపలా కావలసింది రెండో రకానికి.

1. రా ఫైలులోకి ఏదీ రాయకూడదు

కెనాన్ సీఆర్3, నైకాన్ ఎన్‌ఈఎఫ్, సోనీ ఏఆర్‌డబ్ల్యూ వంటి ఫైళ్ల లోపలి నిర్మాణాన్ని ఆయా కంపెనీలే నిర్ణయిస్తాయి. బయటి సాఫ్ట్‌వేర్ ఒక మాట చేర్చాలంటే ఫైలును తిరగరాయాలి. ఫైలులోని కొన్ని వివరాలు “ఫలానా సమాచారం ఇన్నో బైటు దగ్గర మొదలవుతుంది” అని చోటును బట్టి రాసి ఉంటాయి. మధ్యలో కొత్త మాటలు చేరి చోట్లు జరిగితే ఆ లెక్క తప్పుతుంది. మేకర్‌నోట్ ఎక్కువగా దెబ్బతినేది ఇందువల్లే. అందుకే మంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రా ఫైలును ముట్టుకోకుండా పక్కన వేరే ఫైలులో రాస్తాయి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో తేదీ మార్పులను రా ఫైలులోకే రాసే అమరిక ఒకటుంది. దాన్ని ఆఫ్‌లోనే ఉంచడం మంచిది.

కార్డు నుంచి కంప్యూటర్‌లోకి దించుకోగానే రా ఫైళ్లకు రెండో కాపీ వేరే డిస్కులో పెట్టుకోవాలి. ఆ కాపీ ఒక్కటి ఉంటే కెమెరా వివరాల సంగతిలో సగం బెంగ తీరినట్లే.

2. గడియారం తీసే ముందే సరిచూడాలి

ఎంత జాగ్రత్తగా కాపాడినా, మొదటే తప్పు రాసి ఉంటే ఏం లాభం? కెమెరా గడియారం తప్పితే వేల ఫొటోల తేదీలు తప్పుతాయి. బ్యాటరీ చాలాకాలం తీసి ఉంచిన కెమెరా తేదీని మరిచిపోయి ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్లిపోవడం మామూలే.

ఒక పెళ్లి తీసుకుందాం. ముగ్గురు ఫొటోగ్రాఫర్లు, మూడు కెమెరాలు. ఒకదాని గడియారం నాలుగు నిమిషాలు ముందుంది, ఇంకొకటి రెండు నిమిషాలు వెనక ఉంది. తర్వాత ఫొటోలన్నీ ఒకచోట చేర్చి సమయం ప్రకారం పేర్చితే జీలకర్ర బెల్లం పెట్టకముందే తలంబ్రాలు పోసినట్లు వరుస వస్తుంది. ఆల్బమ్ డిజైన్ చేసేవారు ఆ ఫొటోలను ఒక్కొక్కటిగా చేత్తో సర్దుకోవాలి. దీనికి మందు చాలా సులభం. పని మొదలుపెట్టే ముందు సెకన్లు కనిపించే ఒకే ఫోన్ గడియారాన్ని మూడు కెమెరాలతోనూ ఒక్కో ఫొటో తీయాలి. ఆ ఫొటోలో కనిపించే సమయానికీ, ఆ ఫైలులో నమోదైన సమయానికీ ఉన్న తేడానే ఆ కెమెరాలో ఉన్న తప్పు. లైట్‌రూమ్‌లో ‘ఎడిట్ క్యాప్చర్ టైమ్’ ద్వారా ఒక్కో కెమెరా ఫొటోలన్నిటినీ ఒకేసారి అంత తేడా జరిపితే ముహూర్తం నుంచి అప్పగింతల దాకా వరుస కుదురుతుంది.

సమయ మండలం సంగతి ఇంకొంచెం చిక్కు. పాత ఎక్సిఫ్ ప్రమాణంలో సమయం ఉండేది గానీ అది ఏ దేశపు సమయమో రాసే చోటు లేదు. 2016లో వచ్చిన 2.31 కూర్పుతో ఆ చోటు ఏర్పడింది. హైదరాబాద్ నుంచి డాలస్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్లిన తల్లిదండ్రుల కెమెరా భారత కాలమానంలోనే ఉండిపోతే, అక్కడ సాయంత్రం ఆరింటికి తీసిన ఫొటో మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు తీసినట్లు నమోదవుతుంది. తేడా పదిన్నర గంటలు, తేదీ కూడా మారిపోతుంది. అదే రోజు అల్లుడి ఫోన్‌తో తీసిన ఫొటోలు స్థానిక సమయంతో ఉంటాయి. ప్రయాణంలో విమానం దిగగానే కెమెరా సమయ మండలం మార్చడం ఒక పద్ధతి. మరిచిపోతే తర్వాత ఆ రోజుల ఫొటోలను పట్టి ఒకేసారి జరపడం రెండో పద్ధతి. ఏదైనా పర్వాలేదు, కానీ సవరించేది ఎడిటింగ్ మొదలుపెట్టక ముందే కావాలి. జేపెగ్‌లు తయారైపోయాక సవరిస్తే రా ఒక సమయం, జేపెగ్ ఇంకో సమయం చెబుతాయి.

ఇక్కడ ఒక తరచు పొరపాటు. కంప్యూటర్ ఫోల్డర్‌లో ఫైలు పక్కన కనిపించే తేదీని ఫొటో తీసిన తేదీ అనుకుంటారు. అది మామూలుగా ఫైలును చివరిసారి మార్చిన తేదీ మాత్రమే, కాపీ చేసినా ఎడిట్ చేసినా మారిపోవచ్చు. నమ్మదగింది ఎక్సిఫ్ లోపల ఉన్న ‘డేట్ టైమ్ ఒరిజినల్’. పాత ప్రింట్లు స్కాన్ చేసేవారు కూడా ఇక్కడ శ్రద్ధ పెట్టాలి. తాతగారి 1968 నాటి ఫొటోకు స్కానింగ్ చేసిన తేదీ ‘డిజిటైజ్డ్’ అనే గదిలో ఉండాలి, 1968 మాత్రం ‘ఒరిజినల్’ గదిలోకి రావాలి.

3. హక్కుల వివరాలు దించుకునేటప్పుడే చేర్చాలి

ఫొటోగ్రాఫర్ పేరు, ఫోన్, ఈమెయిల్, వాడుకునే షరతులు ఒకసారి టెంప్లేట్‌గా రాసిపెట్టుకుంటే లైట్‌రూమ్, డిజికామ్, డార్క్‌టేబుల్ వంటి సాఫ్ట్‌వేర్లు కార్డు నుంచి దించుకునేటప్పుడే అన్ని ఫొటోలకూ వాటిని చేరుస్తాయి. చాలా కెమెరాల మెనూలో కూడా పేరు, కాపీరైట్ రాసుకునే వీలుంది. అక్కడ రాస్తే అది రా ఫైలులోనే పుడుతుంది.

దీనికి చట్టపరమైన విలువ కూడా ఉంది. 1957 నాటి భారత కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ద్వారా 65బి సెక్షన్ వచ్చింది. హక్కులను తెలిపే సమాచారాన్ని అనుమతి లేకుండా తెలిసి తెలిసి తొలగించినా, మార్చినా రెండేళ్ల దాకా జైలు, జరిమానా పడవచ్చు. ఫొటోలో పేరు అసలు లేకపోతే తొలగించారని ఎలా చూపించడం?

4. సైడ్‌కార్‌ను రా ఫైలు నుంచి విడదీయకూడదు

రా ఫైలు పక్కన అదే పేరుతో, ఎక్స్‌ఎంపీ అనే తోకతో కనిపించే చిన్న ఫైలును సైడ్‌కార్ అంటారు. పరిమాణం కొద్ది కిలోబైట్లే. కానీ శీర్షికలు, కీలకపదాలు, నక్షత్రాల రేటింగు, రంగుల దిద్దుబాటు వివరాలన్నీ అందులోనే ఉంటాయి. రా థెరపీ అనే సాఫ్ట్‌వేర్ తన దిద్దుబాట్లను పీపీ3 అనే ఫైలులో దాచుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవారు ఫోల్డర్ శుభ్రం చేసేటప్పుడు ‘ఇవేవో పనికిరాని ఫైళ్లు’ అనుకుని తుడిచేస్తారు. నెలల తరబడి రాసిన వివరాలు ఆ ఒక్క నొక్కుతో పోతాయి.

ఉదాహరణకు, లేపాక్షి వీరభద్రస్వామి ఆలయంలో పైకప్పు వర్ణచిత్రాలను ఫొటో తీసిన ఒక పరిశోధక విద్యార్థిని ఊహించుకుందాం. ఒక్కో ఫొటోకు అది ఏ మండపంలో ఎటువైపు ఉందో, ఏ కథాఘట్టమో, రంగు ఎక్కడ రాలిందో రాసుకుంటుంది. తర్వాత రా ఫైళ్లను మాత్రం ఎంచుకుని ఎక్స్‌టర్నల్ డిస్కులోకి పంపి, ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ తీసేస్తుంది. ఫొటోలన్నీ క్షేమం. షట్టర్ వేగం, లెన్సు, తేదీ కూడా ఉన్నాయి. పోయింది ఏమిటి? ఆ ఫొటోలను పరిశోధనకు పనికొచ్చేలా చేసిన రాతంతా. ఫైళ్లను ఒక్కొక్కటిగా ఏరకుండా ఫోల్డర్ మొత్తాన్ని ఒకే వస్తువుగా తరలించడం అలవాటు చేసుకుంటే ఈ ప్రమాదం ఉండదు.

లైట్‌రూమ్ వాడేవారికి ఇంకో సంగతి. అందులో రాసినవి ముందుగా క్యాటలాగ్ అనే ఒకే డేటాబేస్ ఫైలులోకి వెళ్తాయి. అమరికల్లో ‘ఆటోమేటిక్‌గా ఎక్స్‌ఎంపీలోకి రాయడం’ ఆన్ చేస్తే తప్ప సైడ్‌కార్ దానంతట అది పుట్టదు. అది ఆన్ చేయకుండా పనిచేసి, క్యాటలాగ్ పాడైతే రాసినదంతా దాంతోనే పోతుంది. పాత ఫొటోలకైతే అన్నిటినీ ఎంచుకుని కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే వివరాలు ఫైళ్లలోకి చేరతాయి. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్. ఈ అధ్యాయం చదివి ఒక్క పనే చేసేవారు ఉంటే వారు చేయవలసింది ఇలా ఎక్స్‌ఎంపీలోకి రాయించడమే.

పేర్ల విషయంలో సాఫ్ట్‌వేర్లు ఒకేలా ఉండవు. లైట్‌రూమ్ సైడ్‌కార్ పేరులో రా ఫైలు తోక ఉండదు. డార్క్‌టేబుల్ మాత్రం రా తోకను కూడా ఉంచి దాని చివర ఎక్స్‌ఎంపీ తగిలిస్తుంది. అందువల్ల ఒకే ఫొటో పక్కన రెండు సైడ్‌కార్లు కనిపించవచ్చు. రెండూ కావలసినవే. ఫైలు పేరు మార్చాలంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే మార్చాలి. ఫోల్డర్‌లో రా ఫైలు పేరు మాత్రం మారిస్తే సైడ్‌కార్ ఎవరిదో తెలియకుండా మిగిలిపోతుంది. కెమెరాలు ఫైళ్లకు నాలుగంకెల సంఖ్యే ఇస్తాయి, 9999 దాటగానే మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. కాబట్టి దించుకునేటప్పుడే తేదీ కలిపి పేరు పెడితే, రెండేళ్ల తర్వాత అదే పేరుతో ఇంకో ఫొటో వచ్చి ఒకదాని వివరాలు మరొకదానికి అంటుకునే ప్రమాదం తప్పుతుంది.

సైడ్‌కార్ల బాధ వద్దనుకునేవారికి అడోబీ 2004లో విడుదల చేసిన డీఎన్‌జీ ఒక దారి. అందులో ఎక్స్‌ఎంపీ ఫైలు లోపలే ఇమిడిపోతుంది. విడిపోయే భయం లేదు. అయితే కెనాన్, నైకాన్ సొంత సాఫ్ట్‌వేర్లు తమ రా ఫైళ్ల నుంచి తయారైన డీఎన్‌జీని తెరవవు. మార్చాలనుకుంటే అసలు రా ఫైళ్లను కూడా ఒక డిస్కులో ఉంచుకోవడమే వివేకం.

5. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు మెటాడేటా గడిని చదవాలి

వివరాలు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఎందుకంటే ఆ కిటికీలో అందరి చూపూ పరిమాణం మీద, నాణ్యత మీద ఉంటుంది. కింద చిన్నగా ఉండే మెటాడేటా గడిని తెరిచేవారు తక్కువ.

లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో కాపీరైట్ ఒక్కటే పంపడం నుంచి మొత్తం మెటాడేటా పంపడం దాకా ఎంపికలుంటాయి. సొంత భాండాగారం కోసం చేసే జేపెగ్‌లకు ‘ఆల్ మెటాడేటా’ ఉండాలి. ఫొటోషాప్‌లో దారిని బట్టి ఫలితం మారుతుంది. ‘సేవ్ ఎ కాపీ’ ద్వారా దాచిన జేపెగ్‌లో కెమెరా వివరాలు నిలుస్తాయి. ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ ద్వారా చేస్తే ఏమీ ఉంచకపోవడం, లేదా కాపీరైట్, సంప్రదించే వివరాలు మాత్రం ఉంచడం అనే రెండే దారులు. అంటే తేదీ, లెన్సు పోయినట్లే. రా థెరపీలో మెటాడేటా ట్యాబ్ దగ్గర యథాతథంగా కాపీ చేయడమో, మార్పులతో రాయడమో, మొత్తం తీసేయడమో ఎంచుకోవచ్చు. డార్క్‌టేబుల్ ఎక్స్‌పోర్ట్‌లో ఎక్సిఫ్, జీపీఎస్, కీలకపదాలు వేటికవి విడిగా టిక్ పెట్టుకోవచ్చు. గింప్‌లో కూడా ఎక్స్‌పోర్ట్ సమయంలో ఎక్సిఫ్, ఐపీటీసీ, ఎక్స్‌ఎంపీ గడులు కనిపిస్తాయి. ఒకసారి అన్నీ టిక్ పెట్టి డిఫాల్ట్‌గా సేవ్ చేస్తే సరిపోతుంది.

చిన్న చిన్న కమాండ్‌లతో వందల ఫొటోలను ఒకేసారి తగ్గించేవారు ఇమేజ్‌మ్యాజిక్ వాడతారు. అంతర్జాలంలో దొరికే కమాండ్‌లలో చాలావాటిలో ‘స్ట్రిప్’ అనే మాట ఉంటుంది. ఫైలు పరిమాణం తగ్గించడానికి అది అన్ని వివరాలనూ తుడిచేస్తుంది. దాంతోపాటు రంగుల ప్రొఫైల్‌ను కూడా తీసేస్తుంది. ప్రోఫొటో ఆర్‌జీబీ అనే ప్రొఫైల్‌లో దిద్దిన ఫొటో నుంచి ఆ ప్రొఫైల్ పోతే, చూపించే సాఫ్ట్‌వేర్ దాన్ని మామూలు ఎస్‌ఆర్‌జీబీ అనుకుంటుంది. పట్టుచీర ఎరుపు వెలిసిపోయినట్లు కనిపిస్తుంది. తప్పు ఎడిటింగ్‌లో ఉందనుకుని మళ్లీ రంగులు దిద్దడం మొదలుపెట్టేవారు, ముందుగా ప్రొఫైల్ ఉందో లేదో చూసుకోవాలి.

మేకర్‌నోట్ విషయంలో మాత్రం పట్టుదల అక్కర్లేదు. జేపెగ్‌లో ఎక్సిఫ్ అంతా కలిపి సుమారు 64 కిలోబైట్లలో ఇమడాలి. అంత చోటు లేనప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు మేకర్‌నోట్‌ను వదిలేస్తాయి. ఫోకస్ పాయింట్ ఎక్కడుందో చూడాలంటే రా ఫైలు వైపే వెళ్లాలి. దాన్ని జేపెగ్‌లో వెతకడం అనవసరం.

6. మధ్యలో వాడే ఫైలు రకాన్ని గమనించాలి

రా నుంచి చివరి జేపెగ్ దాకా ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే పని పూర్తయితే ఇబ్బంది తక్కువ. నాయిస్ తీయడానికి ఒకటి, పనోరమా కుట్టడానికి ఒకటి, రంగులకు ఇంకొకటి వాడితే ప్రతి చేతిమార్పు దగ్గరా వివరాలు జారే అవకాశం ఉంది. మధ్యలో టిఫ్ వాడడం ఉత్తమం, అది ఎక్సిఫ్, ఐపీటీసీ, ఎక్స్‌ఎంపీ మూడింటినీ మోస్తుంది. పీఎన్‌జీలో ఎక్సిఫ్ కోసం అధికారికంగా చోటు ఏర్పడింది 2017లోనే, పాత సాఫ్ట్‌వేర్లకు ఆ సంగతి తెలియదు. డేవ్ కాఫిన్ 1997లో మొదలుపెట్టిన డీసీరా అనే ప్రసిద్ధ ఉచిత ప్రోగ్రామ్ మామూలుగా ఇచ్చే పీపీఎం ఫైలులో అసలు ఎక్సిఫ్‌కు తావే లేదు. స్క్రీన్‌షాట్ తీసి పంపితే అసలు ఫొటో వివరాలేవీ రావు.

పనోరమా, హెచ్‌డీఆర్ వంటివి అనేక ఫొటోల కలయిక. వాటన్నిటికీ ఒకే షట్టర్ వేగం ఉండకపోవచ్చు. అలాంటప్పుడు మొదటి ఫొటో నుంచి తేదీ, కెమెరా, లెన్సు, చోటు తీసుకుని, ఎక్స్‌పోజర్ గడులు ఖాళీగా వదలడం నిజాయితీ గల పద్ధతి.

7. తెలుగులో రాసేటప్పుడు కొలత తెలుసుకోవాలి

ఇంగ్లిష్‌లో రాసేవారికి ఈ ఇబ్బంది అంతగా ఉండదు, తెలుగువారికి మాత్రం రోజూ ఎదురవుతుంది. పాత ఐపీటీసీ గదులకు బైట్లలో హద్దులు ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ పేరుకు 32, ఒక్కో కీలకపదానికి 64, వివరణకు 2000. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్ యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ ఒక్కోదానికి మూడేసి బైట్లు పడతాయి.

ఫలితం ఏమిటి? ‘వెంకటేశ్వరరావు’ అనే పేరుకు 42 బైట్లు కావాలి. 32 దగ్గర తెగితే ‘వెంకటేశ్వర’ మిగిలి, చివర అర్థం లేని ఒక చుక్కో గడో కనిపిస్తుంది. ‘లేపాక్షి వీరభద్రస్వామి ఆలయం’ అని ఒకే కీలకపదంగా రాస్తే 77 బైట్లు. మొదటి రెండు మాటలూ కలిపి సరిగ్గా 64, మూడో మాట రాలిపోతుంది. అందుకే కీలకపదాలను చిన్నవిగా విడగొట్టాలి. లేపాక్షి ఒకటి, వీరభద్రస్వామి ఒకటి, ఆలయం ఒకటి. వెతకడానికి కూడా అదే మేలు.

ఎక్స్‌ఎంపీకి ఈ హద్దులు లేవు, మొదటి నుంచీ యూనికోడ్‌లోనే ఉంది కాబట్టి తెలుగు చెక్కుచెదరదు. ఎక్సిఫ్ గదులు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల కోసం పుట్టినవి. వాటిలో యూటీఎఫ్-8కు అధికారికంగా చోటు దొరికింది 2023లో వచ్చిన 3.0 కూర్పుతోనే. కాబట్టి ఎక్సిఫ్‌లో పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంచి, తెలుగు శీర్షికలనూ వివరణలనూ ఎక్స్‌ఎంపీలో రాసే ఏర్పాటు ఇప్పటికి అన్నిచోట్లా నిలుస్తుంది. యూనికోడ్ కాని పాత తెలుగు డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన మాటలను ఇక్కడ అతికించకూడదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అవి ఇంగ్లిష్ గుర్తుల గుంపుగా కనిపిస్తాయి.

8. పంపే దారిని బట్టి జాగ్రత్త

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించి, ఎక్సిఫ్‌ను తీసేసి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్లు వెళ్తుంది. పెళ్లి ఫొటోలు బంధువుల గ్రూపులో పెట్టి ‘అందరి దగ్గరా ఉన్నాయి’ అని నిశ్చింతగా ఉండే కుటుంబాలకు తేదీలు లేని కాపీలే మిగులుతాయి. ఇంట్లో ఒకరు పూర్తి ఫైళ్లను డ్రైవ్‌లోనో డిస్కులోనో అందుకుని దాచే బాధ్యత తీసుకోవాలి.

9. కొన్ని వివరాలను కావాలనే తీసేయాలి

అన్నీ కాపాడడం అంటే అన్నీ అందరికీ ఇవ్వడమా? ఇంటి అక్షాంశ రేఖాంశాలు, పిల్లల పేర్లు ఉన్న ఫొటోను బహిరంగంగా పెట్టడం మంచిది కాదు. అరుదైన పక్షి గూడు ఫొటోలో జీపీఎస్ ఉంటే, ఆ గూటికి దారి చూపినట్లే. లైట్‌రూమ్ ఎక్స్‌పోర్ట్‌లో చోటు వివరాలు, మనుషుల వివరాలు తీసేసే గడులు విడిగా ఉన్నాయి. తీసేసేది బయటికి పంపే కాపీలో మాత్రమే. దాచుకునే కాపీలో అన్నీ ఉండాలి. రెంటికీ రెండు ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్లు, ‘భాండాగారం’, ‘బయటికి’ అని పేరు పెట్టి ఉంచుకుంటే పొరపాటు జరగదు.

ఎక్సిఫ్ లోపల ఒక చిన్న నమూనా బొమ్మ కూడా ఉంటుంది. ఫొటోలో ఒకరిని కత్తిరించి తీసేసినా, సాఫ్ట్‌వేర్ ఆ చిన్న బొమ్మను కొత్తగా రాయకపోతే కత్తిరించక ముందటి దృశ్యం అందులో అలాగే ఉంటుంది. ఎవరి గోప్యత కోసమైనా కత్తిరించిన ఫొటోను పంపే ముందు ఈ బొమ్మను తప్పక చూసుకోవాలి.

పోయినవాటిని తిరిగి తెచ్చుకోవడం

ఇప్పటికే వేల జేపెగ్‌లు వివరాలు లేకుండా ఉన్నవారు నిరాశపడనక్కర్లేదు. రా ఫైళ్లు ఉంటే దారి ఉంది. ఫిల్ హార్వే 2003లో విడుదల చేసిన ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. అందులో ‘ట్యాగ్స్ ఫ్రమ్ ఫైల్’ అనే ఆదేశం ఒక ఫైలులోని వివరాలను మరో ఫైలులోకి కాపీ చేస్తుంది. పేర్లు సరిపోయే రా, జేపెగ్ జంటలను ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి కలిపే వీలు కూడా ఉంది. శీర్షికలు, కీలకపదాలు కావాలంటే అదే ఆదేశాన్ని సైడ్‌కార్ ఫైలు నుంచి ఇంకోసారి నడపాలి.

ఈ పనిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటే. ఫొటో ఎటు తిప్పి చూడాలో చెప్పే ‘ఓరియంటేషన్’ అనే గది రా నుంచి వచ్చి జేపెగ్‌లో చేరుతుంది. నిలువుగా తీసిన ఫొటోలో అది సాధారణంగా 6 లేదా 8 గా ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన జేపెగ్‌ను సాఫ్ట్‌వేర్ అప్పటికే నిలువుగా తిప్పి ఉంటుంది. పైన మళ్లీ 6 చేరితే చూపించే ప్రోగ్రామ్ రెండోసారి తిప్పుతుంది, మనుషులు పక్కకు పడుకుని కనిపిస్తారు. కాపీ చేశాక ఆ గదిని 1 గా మారిస్తే సర్దుకుంటుంది. చిన్న నమూనా బొమ్మను రా నుంచి తేకపోవడం మంచిది. అది ఎడిట్ చేయక ముందటి బొమ్మ.

జేపెగ్‌ల పేర్లు మారిపోయి, ఏది ఏ రా నుంచి వచ్చిందో తెలియకపోతే పని నెమ్మదిస్తుంది గానీ ఆగదు. రా ఫైళ్ల నుంచి చిన్న జేపెగ్‌లు తీసి, రూపం పోల్చి ఒకేలాంటి ఫొటోలను చూపించే డిజికామ్ వంటి ప్రోగ్రామ్‌తో జతలు పట్టుకోవచ్చు. రా ఫైళ్లు కూడా లేనప్పుడు ఫోల్డర్ పేర్లు, పాత ఈమెయిళ్లు, శుభలేఖ మీది తేదీ, ఇంట్లో పెద్దల జ్ఞాపకం ఆధారం అవుతాయి. అలా చేత్తో రాసిన తేదీ పక్కన, వివరణలో ‘సుమారుగా’ అని చేర్చాలి. తర్వాత చూసేవారికి కెమెరా రాసిన తేదీ ఏదో, మనిషి అంచనా ఏదో తెలియాలి.

ఎక్సిఫ్‌టూల్ మార్చిన ప్రతి ఫైలుకూ పాత రూపాన్ని, పేరు చివర ‘ఒరిజినల్’ అనే మాటతో పక్కనే ఉంచుతుంది. ముందు పది ఫొటోల కాపీల మీద నడిపి, తేదీ, లెన్సు, తెలుగు శీర్షిక, నిలువు ఫొటోల తిప్పుడు నాలుగూ చూసుకోవాలి. సరిగా ఉంటే ఫోల్డర్ మొత్తం మీద నడపాలి. అందులోంచి కూడా నాలుగైదు ఫొటోలు తెరిచి చూశాకే ఆ పాత రూపాలను తొలగించాలి.